సబ్‌వూఫర్ క్రాసోవర్ అమర్చే ముందు జాగ్రత్తలు

క్రాసోవర్ అంటే ఏ పౌనఃపున్యానికి (హెర్ట్జ్‌లలో) కింది బేస్‌ను, అంటే లోతైన శబ్దాన్ని, సబ్‌వూఫర్ అనే బేస్ స్పీకర్‌కు పంపాలో నిర్ణయించే హద్దు. దాని నాబ్‌పై చేయి వేసే ముందు రిసీవర్ (స్పీకర్లను నడిపే పెట్టె) శబ్దాన్ని బాగా తగ్గించాలి. తీగలు కలపవలసి ఉంటే కరెంటు ప్లగ్గులు తీసివేయాలి.

సబ్‌వూఫర్ స్థానాన్ని ముందే ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే గది మూలకు జరిపితే బేస్ పెరిగి చేసిన అమరికంతా మారిపోతుంది. కొందరు దానిని నాపరాతి గూటిలో పెడతారు. అడుగున రబ్బరు లేకపోతే బండమీది వస్తువుల అదురును క్రాసోవర్ దోషమని పొరబడతాం.

స్పీకర్లు ఎంత కింది హెర్ట్జ్ వరకు పలుకుతాయో వాటి మాన్యువల్‌లో చూసుకోవాలి. 60 హెర్ట్జ్ వరకు పలికేవాటికి క్రాసోవర్‌ను 80 వద్ద మొదలుపెట్టడం క్షేమం. మరీ చిన్నవాటికి 120 దాకా పోవలసి రావచ్చు గాని, అంత పైకి పోతే బేస్ ఏ మూలనుంచి వస్తున్నదో చెవి పసిగడుతుంది.

అన్నిటికంటే తరచుగా మరచిపోయేది ఇది: రిసీవర్‌లోనూ, సబ్‌వూఫర్‌పైనా రెండుచోట్లా వడపోత జరిగితే కొన్ని స్వరాలు అనవసరంగా బలహీనపడతాయి కనుక, రిసీవర్‌లో స్పీకర్లను ‘స్మాల్’గా (కింది స్వరాలను సబ్‌వూఫర్‌కు వదిలేలా) ఎంచుకొని, పౌనఃపున్యాన్ని అక్కడే నిర్ణయించి, సబ్‌వూఫర్ నాబ్‌ను గరిష్ఠానికి తిప్పి ఉంచాలి, సబ్‌వూఫర్‌కు ఎల్‌ఎఫ్‌ఈ ఇన్‌పుట్ (రిసీవర్ పంపే బేస్‌ను మళ్లీ వడపోయకుండా తీసుకునే రంధ్రం) ఉంటే తీగను అందులోనే కలపాలి.

సబ్‌వూఫర్ తరంగాలను మిగతా స్పీకర్లతో పొందించే ఫేజ్ స్విచ్‌ను 0, 180 డిగ్రీలు రెండింటిలోనూ పెట్టి విని, బేస్ నిండుగా వినిపించిన స్థానంలో వదిలివేయాలి.