కరెంటు పోయొస్తే ప్రింటర్ మాయమవుతోందా?

మా ఇంట్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వైఫై ప్రింటర్ ల్యాప్‌టాప్‌లో ‘ఆఫ్‌లైన్’ అని చూపించేది. బడి బస్సు వచ్చే టైమ్, పాప ప్రాజెక్టు పేపర్లు ప్రింట్ కావు, ఒకటే టెన్షన్. నిజానికి ప్రింటర్ బాగానే ఉంది. రౌటర్ మళ్లీ ఆన్ అయ్యాక ప్రింటర్‌కి వేరే ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే నంబరు) ఇచ్చేది, ల్యాప్‌టాప్ ఏమో పాత అడ్రస్‌లోనే వెతికేది.

ప్రింటర్‌లోకి వెళ్లి ఐపీని చేత్తో టైప్ చేయొచ్చు కానీ, ఆ సంగతి రౌటర్‌కి తెలియదు. అదే నంబరు ఇంకో ఫోన్‌కి ఇచ్చిందంటే రెండూ మొరాయిస్తాయి. అందుకే ప్రింటర్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చేలా రౌటర్‌లోనే రిజర్వ్ చేయండి. బ్రౌజర్‌లో రౌటర్ పేజీ తెరవండి. దాని అడ్రస్ చాలావరకు 192.168.0.1 లేదా 192.168.1.1 ఉంటుంది, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద చూడండి. డీహెచ్‌సీపీ (రౌటర్ ఐపీలు పంచే పద్ధతి) సెట్టింగ్స్‌లో ‘అడ్రస్ రిజర్వేషన్’ లాంటి పేరు కనిపిస్తుంది. అక్కడ ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు నంబరు; రెండేసి అంకెలు, అక్షరాల చొప్పున ఆరు జతలు), దానికి 192.168.1.50 లాగా మీ రౌటర్ వరుసలోనే (మొదటి మూడు భాగాలు రౌటర్ అడ్రస్‌లో ఉన్నవే) ఒక ఐపీ ఇచ్చి సేవ్ చేయండి. ప్రింటర్‌ని ఒకసారి ఆపి ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌లో పాతది తీసేసి ఈ ఐపీతో మళ్లీ కలపండి.

ఇంటర్నెట్ కంపెనీలు డబ్బులు తీసుకుని ఇచ్చే స్టాటిక్ ఐపీ (మీ ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే మారని అడ్రస్) వేరు. ఇంటి లోపలి ఈ పనికి పైసా కట్టక్కర్లేదు.

ఫోన్‌కి రిజర్వ్ చేయాలంటే మాత్రం, మీ ఇంటి వైఫై వరకు ‘ప్రైవేట్ మ్యాక్’ (ఫోన్ తన అసలు మ్యాక్‌కి బదులు వేరేది చూపించే సెట్టింగ్) ఆపేయండి.