అరిగిన రోమన్ కంచు నాణేన్ని గుర్తించడానికి పక్క వెలుతురు

రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలపు చిన్న కంచు నాణేలపై చక్రవర్తి పేరుండే అంచు అక్షరాలు తరచుగా అరిగిపోయి ఉంటాయి కనుక, ముఖం వైపు ఎంత పరిశీలించినా తెలిసేది తక్కువ. గది దీపాలు ఆర్పి, ఒకే టార్చిని 10–15 డిగ్రీల వాలులో పక్కనుంచి పట్టి, నాణేన్ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు ఫోటోలు తీసి, వెనుక వైపు బొమ్మను చూడండి. ఇద్దరు సైనికుల మధ్య రెండు ధ్వజాలు కనిపిస్తే అది క్రీ.శ. 330 తర్వాతి కొద్ది సంవత్సరాలది. ఒకటే ఉంటే సుమారు 335 తర్వాతిది, సాధారణంగా కాస్త చిన్నది కూడా. అంతటితో పాలకుల జాబితా నాలుగైదు పేర్లకు తగ్గుతుంది. అయితే ఆ రోజుల్లోనే తయారైన నకళ్లకు ఈ లెక్క వర్తించకపోవచ్చు. లేత పచ్చని పొడి రాలుతున్న నాణెమైతే తుప్పు లోహాన్నే తినేసి ఉంటుంది, దాన్ని తోమితే మిగిలినది కూడా పోతుంది.