ఉద్యోగం పోయినప్పుడు డబ్బునూ నిద్రనూ ఎలా కాపాడుకోవాలి?

మా అమ్మ బీపీ బిళ్ళలు పదిహేనేసి ఉండే స్ట్రిప్పులో వస్తాయి. రోజుకొకటి చొప్పున పదిహేను రోజులకు అయిపోవాలి. నా ఉద్యోగం పోయిన రెండో నెలలో ఒకరోజు ఫ్రిజ్ మీది మందుల డబ్బా సర్దుతుంటే, ఇరవై రోజుల కిందట తెచ్చిన స్ట్రిప్పులో ఇంకా ఐదు బిళ్ళలు కనిపించాయి. అడిగితే, "రోజు విడిచి రోజు వేసుకుంటున్నా నాన్నా, బాగానే ఉందిగా" అంది.

ఆ స్ట్రిప్పు ఖరీదు వంద రూపాయలు కూడా లేదు. అదే నెలలో ఎవరూ చూడని రెండు ఓటీటీలకూ, నేను వెళ్లడం మానేసిన జిమ్‌కూ నా ఖాతాలోంచి డబ్బు పోతూనే ఉంది. లెక్కంతా నా ఒక్కడి తలలో పెట్టుకోవడంతో, ఏది తగ్గించాలో ఇంట్లో ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. అమ్మ మందులు తగ్గించుకుంది. నేను నిద్ర మానేసి రాత్రి రెండింటికి ఫోన్లో క్యాలిక్యులేటర్ నొక్కుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత మేం చేసిన పనులు ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఉద్యోగం పోయినవారికే కాదు, ప్రాజెక్టు ఉంటుందో ఊడుతుందో తెలియక టెన్షన్ పడుతున్నవారికీ, గిరాకీ పడిపోయిన చిన్న వ్యాపారులకూ ఇవి పనికొస్తాయి.

1. ముందు ఇంట్లో చెప్పండి

వారం ఆగి చెబుదాం, ఇంకోటి దొరికాక చెబుదాం అనుకోకండి. మీ ముఖం చూసి వాళ్లు ఎలాగూ కనిపెడతారు, ఉన్నదానికంటే పెద్ద కష్టమే ఊహించుకుంటారు. భార్యాభర్తల మధ్య అంకెలతో సహా అన్నీ తెలియాలి. పెద్దవాళ్లకు "ఇన్ని నెలలకు సరిపడా ఉంది, మీ మందులూ తిండీ ఆగవు" అని స్పష్టంగా చెప్పండి. నేను ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే అమ్మ ఆ పని చేసేది కాదు. పిల్లలకు "కొన్నాళ్లు బయట తినడం తగ్గిద్దాం, మీ స్కూలు మారదు" అంటే చాలు. స్కూలు సంగతి ఇంకా తేలకపోతే ఆ మాట మాత్రం ఇవ్వకండి.

2. ఎన్ని నెలలు గడుస్తుందో లెక్క వేయండి

"ఎంత డబ్బుంది?" అని అడుగుతూ కూర్చుంటే భయమే పెరుగుతుంది. "ఎన్ని నెలలు గడుస్తుంది?" అని అడిగితే చేయాల్సిన పని కనిపిస్తుంది.

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఎడమ పేజీలో వారంలోపు చేతికి వచ్చే డబ్బు మాత్రమే రాయండి: సేవింగ్స్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్, లిక్విడ్ ఫండ్ (ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్). బంగారం, ఊళ్లో ప్లాటు, పీఎఫ్ రాయొద్దు. కంపెనీ నుంచి రావాల్సిన నోటీసు జీతం, మిగిలిన సెలవుల డబ్బు, ఐదేళ్లు నిండినవారికి వచ్చే గ్రాట్యుటీ ఖాతాలో పడిన రోజున రాసుకోండి. కుడి పేజీలోకి గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే, గూగుల్ పే చరిత్ర చూసి ఖర్చులు ఎక్కించండి. గుర్తున్నవి రాస్తే సరిపోదు. నేను గుర్తున్నంతవరకు రాస్తే నెలకు 55 వేలు తేలింది, స్టేట్‌మెంట్ చూస్తే 68 వేలు.

మా చేతిలో అప్పుడు 2,40,000 ఉన్నాయి. నెలకు 68 వేల చొప్పున మూడున్నర నెలలు. ఆ రాత్రే నేనూ మా ఆవిడా కూర్చుని తప్పనివి మాత్రం విడదీశాం. అద్దె, మెయింటెనెన్స్ 14,000. సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాస్ 10,500. పాప ఫీజు, వ్యాను 5,500. కరెంటు, ఫోన్లు, నెట్ 2,500. పర్సనల్ లోన్ ఈఎంఐ 6,000. అమ్మ మందులు, బీమా 2,000. పెట్రోలు 1,500. మొత్తం 42,000. అదే డబ్బుతో ఇప్పుడు ఐదున్నర నెలల పైచిలుకు గడుస్తుంది. రూపాయి కొత్తగా రాలేదు, రెండు నెలలు మాత్రం పెరిగాయి. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నాకు నిద్ర పట్టింది.

ఇంకొక పని అప్పుడే చేసేయాలి. నెలలు తరుగుతుంటే ఏం చేయాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి. మేం ఇలా రాసుకున్నాం: మూడు నెలలకు వస్తే తక్కువ జీతమైనా చేరిపోవడం, రెండు నెలలకు వస్తే బంగారం కుదువ పెట్టడం, ఒకటిన్నరకు వస్తే చిన్న ఇంటికి మారడం. తల నిమ్మళంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం కాగితం మీద ఉంటే, కంగారులో తప్పుడు పని చేయం.

3. ముట్టుకోకూడనివి ముందు రాసి, ఆ తర్వాత కోత పెట్టండి

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఎక్కడ తేలిగ్గా తగ్గితే అక్కడ తగ్గించేస్తారు. అలా తగ్గేవి పండ్లు, పాలు, మందులు, డాక్టరు చెకప్పులు. ఇంట్లో ఆడవాళ్లు తమ పంటినొప్పి, మోకాలినొప్పి చెప్పకుండా దాచేస్తారు. నెలకు వంద మిగిల్చి, ఆర్నెల్లకు ఆసుపత్రి బిల్లు తెచ్చిపెట్టే పొదుపు ఇది.

కాబట్టి మొదటి గీత ఇక్కడ గీయండి: రోజూ వేసుకునే మందులు, పప్పు, పాలు, గుడ్లు, కూరగాయలు, ఆరోగ్య బీమా ప్రీమియం. వీటి జోలికి ఎవరూ వెళ్లకూడదు. మందుల ఖర్చు తగ్గించాలంటే బిళ్ళలు మానకుండా ధర తగ్గించుకోండి. డాక్టరును అడిగి అదే మందు ప్రభుత్వ చవక మందుల దుకాణమైన జన ఔషధి కేంద్రంలో దొరుకుతుందేమో చూడండి. బీపీ, షుగరు మందులు అక్కడ చాలా చవక.

కోత పెట్టాల్సినవి స్టేట్‌మెంట్‌లోనే కనిపిస్తాయి: ఆటోపే మీద పోయే సబ్‌స్క్రిప్షన్లు, స్విగ్గీ, జొమాటో ఆర్డర్లు, ఈఎంఐ మీద కొనాలనుకున్న ఫోను. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోట చూస్తే దేనిదేనికి డబ్బు పోతోందో వరసగా ఉంటుంది, అక్కడే ఆపేయొచ్చు.

ఒక చిన్న సరదా మాత్రం ఉంచుకోండి. మేం ఆదివారం సాయంత్రం వీధి చివర బండి దగ్గర మిర్చి బజ్జీలు తినడం మానలేదు. నాలుగు నెలలు ఇంట్లో అందరం ఎదురుచూసింది ఆ అరగంట కోసమే.

4. బీమాలో ఖాళీ పడనివ్వకండి

కంపెనీ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా చాలాచోట్ల ఉద్యోగం ఆఖరి రోజుతోనే అయిపోతుంది. బయటికి రాకముందే హెచ్‌ఆర్‌కు, బీమా కంపెనీకి మెయిల్ పెట్టి, అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారడం ఎలాగో అడగండి. అలా మారితే గ్రూపులో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే బీమా వర్తించడానికి ఆగాల్సిన కాలంలో, లెక్కకొస్తుంది. కొత్తగా తీసుకుంటే ప్రమాదాలు తప్ప మిగతావాటికి మొదటి 30 రోజులు వర్తించదు. ముందునుంచీ ఉన్న జబ్బులకైతే మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఉన్న జబ్బు దాచి పాలసీ తీసుకోవద్దు, క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య, జీవిత బీమా పాలసీలపై అంతకుముందున్న 18 శాతం జీఎస్టీ లేదు.

ఆరోగ్యశ్రీకి అర్హత ఉందేమో చూసుకోండి. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఉంది. బ్యాంకు ఖాతా ఉన్న ఎవరైనా, వయసు సరిపోతే, ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా తీసుకోవచ్చు. వీటి ఏడాది జూన్ 1న మొదలవుతుంది. మే నెలాఖరున ఖాతాలో ఆ డబ్బు ఉంచడం మర్చిపోకండి.

5. అప్పు ఇచ్చినవాళ్ల దగ్గరికి మీరే ముందు వెళ్లండి

ఈఎంఐ ఒక్కటి బౌన్స్ అయ్యాక మాట్లాడటం వేరు, అవకముందే వెళ్లి పరిస్థితి చెప్పడం వేరు. గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని అడగండి, రాతపూర్వకంగా అడగండి. వాయిదా అంటే మాఫీ కాదని గుర్తుంచుకోండి. 2020 మార్చిలో కరోనా సమయంలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం (ఈఎంఐల వాయిదా) ఆగస్టు 31 దాకా సాగింది, వడ్డీ మాత్రం ఆ నెలలన్నిటికీ పడుతూనే ఉంది.

క్రెడిట్ కార్డులో "మినిమం డ్యూ", అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన కొద్ది మొత్తం మాత్రమే కట్టి ఊపిరి పీల్చుకోవద్దు. మిగిలిన దానిపై నెలకు మూడు శాతం పైనే వడ్డీ పడుతుంది, కొత్తగా కొన్నవాటికీ మొదటి రోజునుంచే మొదలవుతుంది. అంతకంటే బ్యాంకులో బంగారం కుదువ పెట్టి ఆ బాకీ తీర్చేయడం ఎంతో మేలు. ఇంట్లో దీనిమీద కన్నీళ్లు వస్తాయని తెలుసు. అమ్ముకోవడం లేదు కదా, తాకట్టు విడిపించుకోవచ్చు. చీటీ ఉంటే కంగారులో పెద్ద మొత్తం వదులుకుని పాడేయకండి. పీఎఫ్‌ను చివరిదాకా ఆపండి. ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను కూడా పడొచ్చు.

ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి అసలు వెళ్లొద్దు. మీ ఫోన్లోని కాంటాక్టులు, ఫొటోలు అడిగే యాప్ అయితే, అప్పు తీర్చినా వేధింపు ఆగదు. ఇప్పటికే ఇరుక్కుంటే సిగ్గుపడకుండా ఇంట్లో చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మ్యూచువల్ ఫండ్ సిప్‌లు (నెలనెలా కట్టే వాయిదాలు) కొన్నాళ్లు ఆపుకోవచ్చు. భయంతో ఉన్నవన్నీ అమ్మేయడం మాత్రం ఆలోచించి చేయండి. 2020 మార్చి 23న షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఒక్కరోజే 3,935 పాయింట్లు పడింది, 2021 జనవరిలో మొదటిసారి 50 వేలు తాకింది. ప్రతిసారీ అంత తొందరగా లేస్తుందని నమ్మకం లేదు. అందుకే ఏడాదిలోపు కావలసిన డబ్బు షేర్లలో ఉంచకూడదు.

6. డబ్బు మాటకు వారంలో ఒక గంట

మాది ఆదివారం పొద్దున, టిఫిన్ అయ్యాక. నోటుబుక్కు తీసి ఆ వారం ఖర్చు రాసి, ఎన్ని నెలలు మిగిలాయో చూసుకుని మూసేస్తాం. ఆ గంటలో గట్టిగా మాట్లాడుకున్నా ఫర్వాలేదు. మిగతా రోజుల్లో భోజనాల దగ్గర ఆ మాట ఎత్తకూడదు. రాత్రి తొమ్మిది దాటాక బ్యాంకు యాప్, ఉద్యోగాల సైట్లు తెరవకూడదు. అర్ధరాత్రి ఎన్నిసార్లు చూసినా బ్యాలెన్స్ పెరగదు, నిద్ర చెడుతుంది, మర్నాటి ఇంటర్వ్యూలో నోరు పెగలదు.

ఉద్యోగం ఉన్నప్పుడు లేచిన వేళకే లేవండి. ఎండ రాకముందు ఓ ముప్పావు గంట నడవండి. తెలిసినవాళ్లకు తప్పించుకుని తిరగకండి. నాకు ఇప్పటి ఉద్యోగం సంగతి చెప్పింది పార్కులో కలిసిన పాత కొలీగే.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతుకు వృథా అనిపించినా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మూడో నెలలో ఒక రాత్రి నేనూ చేశాను. అవతలివారు ఇరవై నిమిషాలు నా మాట విన్నారు. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాను.

7. జీతం మళ్లీ మొదలయ్యాక

నాకు నాలుగో నెల చివర పని దొరికింది, పాత జీతం కంటే తక్కువకే. మొదటి జీతంతోనే పాత ఖర్చులన్నీ తెరవకండి. మేం తప్పని ఖర్చుకు ఆరు రెట్లు, అంటే 2,52,000 లక్ష్యంగా పెట్టుకున్నాం. జీతం పడ్డ మర్నాడే పదివేలు వేరే బ్యాంకులోకి దానంతటదే వెళ్లిపోతుంది. ఆ ఖాతాకు యూపీఐ కలపలేదు. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది కాబట్టి వడ్డీ అరశాతం ఎక్కువని తెలియని చోట పెట్టే అవసరమూ లేదు. నామినీ పేరు మాత్రం రాయించండి.

ఆదివారం గంట ఇప్పటికీ ఉంది. చివరి పది నిమిషాలు మా పాపవి. కొత్త స్ట్రిప్పు తెచ్చినప్పుడల్లా దాని వెనక పెన్నుతో తేదీ వేస్తుంది, ఆదివారం డబ్బా తెరిచి నానమ్మ బిళ్ళలు లెక్కపెడుతుంది. పోయిన ఆదివారం లెక్క సరిపోయింది.