ఆయుధ పూజకు తుపాకీ బయటికి తీసే ముందు

దసరా దగ్గర పడింది. ఏడాది పొడవునా బీరువాలో ఉండిపోయిన లైసెన్సు తుపాకీని మహానవమి నాడు బయటికి తీసి, తుడిచి, కుంకుమ బొట్టు పెట్టి పూజలో ఉంచడం విశాఖపట్నంలో కొన్ని కుటుంబాలు ఇప్పటికీ పాటిస్తున్న ఆనవాయితీ. ఇటీవల వేరొక ఊరిలో తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి, పక్క గదిలో ఉన్న ఇంటి మనిషి ప్రాణం పోయిందన్న వార్త వచ్చిన తరువాత, పండుగ లోపల నాలుగు జాగ్రత్తలు రాయమని షూటింగ్ రేంజ్‌కు (తుపాకీ గురి సాధన చేసే చోటుకు) వచ్చే మిత్రులు అడిగారు. ట్రిగ్గర్ మీద వేలు ఉంచరాదు, గొట్టాన్ని మనిషి వైపు తిప్పరాదు అన్నవి లైసెన్సుదారులందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు.

అటువంటి వార్త చదివినప్పుడల్లా నాకు కలిగే సందేహం ఒక్కటే. ఆ మనిషి మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) ముందు తీశాడా, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) ముందు లాగాడా?

పిస్టల్ ఖాళీ చేయడంలో ఉన్నవి రెండే పనులు. మ్యాగజైన్ బయటికి తీయాలి, ఆ తరువాత స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌లో (గొట్టం వెనుక చివర, పేలబోయే తూటా కూర్చునే చోట) మిగిలిన తూటాను బయటికి రప్పించాలి. ఈ వరుస తారుమారైతే ఏమవుతుందో చూడండి. మ్యాగజైన్ లోపల ఉండగానే స్లైడ్ లాగితే ఛాంబర్‌లోని తూటా ఎగిరి బల్ల మీద పడుతుంది. స్లైడ్ ముందుకు వెళుతూ మ్యాగజైన్ నుంచి మరో తూటాను తీసుకుపోయి అదే ఛాంబర్‌లో పెడుతుంది. అప్పుడు మ్యాగజైన్ తీసినా లోపలి తూటా లోపలే ఉంటుంది. చేయవలసిన పనులు రెండూ చేశాడు, తూటా బయటికి రావడం కళ్లారా చూశాడు, మ్యాగజైన్ చేతిలోనే ఉంది. ఇక తుపాకీ ఖాళీ కాదని ఎవరు చెప్పినా నమ్మడు. చాలా పిస్టళ్లు మ్యాగజైన్ లేకపోయినా పేలుతాయి. కొన్నింటిని విడదీయాలంటే ముందుగా ట్రిగ్గర్ నొక్కవలసి ఉంటుంది కనుక, శుభ్రం చేసే సమయంలోనే ఈ ప్రమాదాలు జరగడంలో ఆశ్చర్యం లేదు.

కాబట్టి మ్యాగజైన్ ముందు, ఛాంబర్ తరువాత. స్లైడ్‌ను వెనుకనే నిలిపి, కిటికీ దగ్గరకు తీసుకుపోయి, వెలుతురులో ఛాంబర్ లోపలికి చూడండి. ఖాళీ అయితే నల్లని రంధ్రం కనిపిస్తుంది, తూటా ఉంటే ఇత్తడి అడుగుభాగం పసుప్పచ్చగా మెరుస్తుంది. చూసిన తరువాత చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడండి, ఎందుకంటే ఖాళీగా ఉండాలని ముందే అనుకున్న కన్ను ఉన్నదాన్ని చూడదు. రివాల్వర్‌కూ, మడిచి తెరిచే 12 బోర్ తుపాకీకీ ఈ చిక్కు లేదు. తెరవగానే తూటాలన్నీ ఎదురుగానే ఉంటాయి.

ఈ మధ్య యువ షూటర్లు పిస్టల్ తూటాతో పనిచేసే కార్బైన్ల (భుజానికి ఆనించి పేల్చే పొట్టి తుపాకుల) గురించి తరచుగా అడుగుతున్నారు. విదేశీ పోటీల వీడియోలు చూసి వారికి కలిగిన ఇష్టం అర్థం లేనిది కాదు. భుజానికి ఆనించే బట్ ఉంటుంది కనుక చేయి వణికినా గురి నిలుస్తుంది. ఆయుధం బరువు వల్ల వెనక్కి తన్నే దెబ్బ తక్కువగా తెలుస్తుంది. రైఫిల్ తూటా కంటే పిస్టల్ తూటా ఖర్చు తక్కువ. కొన్ని మోడళ్లలో చేతి పిస్టల్ మ్యాగజైనే సరిపోతుంది. అమెరికాలో వీటికి 16 అంగుళాల గొట్టం ఉండడానికి ముఖ్య కారణం అక్కడి చట్టం రైఫిల్‌కు పెట్టిన కనీస పొడవే. ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో వీటికి ప్రత్యేక విభాగమే ఉంది. అయితే ఇవి ఎక్కువగా వాడే 9 ఎం.ఎం. తూటా మన దేశంలో పౌరులకు మామూలుగా అనుమతించే బోర్లలో (గొట్టం, తూటా కొలతల్లో) లేదు. ఇంటి రక్షణకు కార్బైన్ మేలా, పిస్టల్ మేలా అన్న చర్చ అక్కడివారికి అవసరం, విశాఖలో .32 బోర్ పిస్టల్ ఉన్నవారికి అది కాలక్షేపం మాత్రమే.

అయినా ఎప్పుడైనా విదేశీ రేంజ్‌లో కార్బైన్ పట్టుకునే అవకాశం వస్తే, నేను చెబుతున్న పొరపాటు దానితో ఇంకా సులువుగా జరుగుతుందని గుర్తుంచుకోండి. చివరి తూటా పేలిన తరువాత బోల్ట్ (పిస్టల్ స్లైడ్ లాగా ఛాంబర్‌ను మూసే భాగం) వెనుక నిలవని మోడళ్లు ఉన్నాయి. కొన్నింటిలో ఛాంబర్ లోతుగా ఉండి పైనుంచి ఒక చూపుకు అందదు. అక్కడా మ్యాగజైన్ ముందు, ఛాంబర్ తరువాత. దగ్గరి లక్ష్యానికి గుండు గురి కంటే కిందుగా తగులుతుందన్నది కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే సైట్ (గురి చూసే సాధనం) గొట్టం కంటే ఎత్తులో ఉంటుంది.

మన ఊరి గాలి సంగతి వేరుగా చెప్పుకోవాలి. బీచ్ వైపు ఇళ్లలో ఉప్పు తేమకు ఇనుము ఊరుకోదు. తుపాకీని తోలు ఒరలో దాచేవారు ఆ తోలు పీల్చిన తేమనే ఇనుముకు పట్టిస్తున్నారు. ఏసీ గదిలోని ఆయుధాన్ని ఒక్కసారిగా బాల్కనీలోకి తెస్తే దాని మీద చెమ్మ పడుతుంది. పొడి గుడ్డతో తుడిచి, తుపాకీ నూనె పలుచగా రాయాలి. కొబ్బరి నూనె రాయవద్దు. అది చల్లదనానికి గడ్డకట్టి ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) కదలికను మందగింపజేస్తుంది.

రేంజ్‌లో ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. శబ్దం బలహీనంగా వచ్చిందంటే గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనుక రెండో గుండు పేలిస్తే గొట్టం చిట్లవచ్చు. ఆపండి, మ్యాగజైన్ తీయండి, ఛాంబర్ ఖాళీ చేయండి, గొట్టం తనిఖీ అయ్యే వరకు మళ్లీ పేల్చవద్దు.

ఇంట్లో పాటించవలసినవి ఇవి. శుభ్రం చేసే గదిలోకి తూటా తేవద్దు, ఒక్కటి కూడా. పిల్లలు నిద్రపోయారు కదా అని తలుపు తెరిచి ఉంచవద్దు. ఫోన్ మోగి మధ్యలో లేచినట్లయితే, తిరిగి వచ్చాక మొదటి నుంచి మొదలుపెట్టండి: మ్యాగజైన్ ముందు, ఛాంబర్ తరువాత. పూజలో పెట్టే తుపాకీ తెరిచి ఉండాలి, స్లైడ్ వెనుక నిలిచి ఉండాలి, ఛాంబర్‌లో రంగు దారమో జెండా ముక్కో కనిపించాలి. అది ఖాళీదేనని మీ అన్నయ్య చెప్పినా, మామయ్య చెప్పినా మీరు మళ్లీ చూడండి. ఫొటో కోసం పిల్లల చేతికి ఇవ్వవద్దు. పూజ అయిందని గాలిలోకి పేల్చవద్దు. ఆయుధాల చట్టానికి 2019లో జరిగిన సవరణ తరువాత వేడుకల్లో కాల్పులకు రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దీపావళి టపాసుల చప్పుడులో ఎవరికి వినబడుతుందిలే అనుకోవద్దు. అపార్ట్‌మెంట్ గోడను నమ్మవద్దు. ప్లైవుడ్ తలుపు గుండును ఆపదు, పలుచని గోడ కూడా ఆపకపోవచ్చు. రాత్రి చప్పుడైతే ముందు లైటు వేయండి, ఎవరని అడగండి, ఇంటివారంతా ఎక్కడున్నారో తెలుసుకోండి. తూటాలను వేరే తాళంలో ఉంచండి. తాళంచెవులు ఒకే గుత్తిలో ఉంచవద్దు.

అక్టోబర్, నవంబర్ నెలలు మనకు తుపానుల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకినప్పుడు కిటికీలు ఊడిపోయి, రోజుల తరబడి కరెంటు లేక ఊరు ఎలా ఉందో చూసినవారికి, తాళం వేసిన గది అంటే భద్రమైన గది కాదని తెలుసు. హెచ్చరిక వచ్చి ఇల్లు వదలవలసి వస్తే తుపాకీని పక్కింటివారికి అప్పగించవద్దు, అది నేరం అవుతుంది. పోలీసు స్టేషన్‌లోగానీ లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలోగానీ జమ చేయండి. ఇంటి గడప దాటక ముందే మ్యాగజైన్ తీయండి, ఆ తరువాత ఛాంబర్ చూడండి. లైసెన్సు పుస్తకం అసలుది వెంట తీసుకువెళ్లండి. ఆయుధం నంబరు, తూటాల సంఖ్య రాసి ఉన్న రశీదు చేతికి వచ్చే వరకు అక్కడి నుంచి కదలవద్దు.