అమ్మానాన్నలకు ఫోనూ ఇంటర్నెట్టూ నేర్పించే పద్ధతి

మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాలలో రోజంతా కంప్యూటర్ల ముందు పనిచేసి వచ్చే పిల్లలూ, కరెంటు బిల్లు కట్టడానికి ఆ పిల్లల కోసం ఎదురుచూసే తల్లిదండ్రులూ ఒకే ఇంట్లో ఉండడం హైదరాబాదులో మామూలు విషయమే. ఈ దూరానికి పెద్దల వయసు కంటే మనం నేర్పించే తీరే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. "ఇలా ఇవ్వమ్మా, నేను చేసిపెడతాను" అని ఫోన్ తీసుకుని చకచకా నొక్కేస్తే పని పూర్తవుతుంది గానీ ఆమెకు ఏమీ రాదు. ఫోన్ వారి చేతిలోనే ఉండాలి, మీ వేలు తెర మీద పడకూడదు. వారు సరైన బొత్తాం వెతుక్కునేదాకా మౌనంగా ఆగడం నేర్పేవారికి అన్నిటికంటే కష్టమైన పని, అన్నిటికంటే ముఖ్యమైన పని కూడా.

పాఠం మొదలుపెట్టే ముందు ఫోన్‌ను వారికి అనువుగా మార్చండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచండి. యాక్సెసిబిలిటీ విభాగంలో వేలు నొక్కి పట్టుకునే వ్యవధిని ఎక్కువగా పెట్టండి. పెద్దల వేళ్ళు పొడిబారి ఉండడం వల్ల తెర ఒక్కోసారి స్పందించదు, వేలు ఆనించి ఉంచితే అక్కరలేని మెనూ తెరుచుకుంటుంది. దాన్ని వారు తమ పొరపాటనుకుని వెనక్కి తగ్గుతారు. తెర మీది భాష ఏది ఉండాలో వారినే అడగండి. ఇంగ్లీషులో ఉద్యోగం చేసి రిటైరైనవారికి తెలుగు మెనూలలోని అనువాద పదాలు కొత్తగా తోచవచ్చు. రాయడానికి మాత్రం తెలుగు కీబోర్డు చేర్చి, మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడతాయని చూపించండి. చాలామందికి భయం సగం అక్కడే పోతుంది.

మొదటి పాఠంగా వారికి నిజంగా కావలసిన పనినే ఎంచుకోండి. యూట్యూబ్‌లో ఒక అన్నమయ్య కీర్తనను మాటతో వెతకడం కావచ్చు, చిక్కడపల్లి నుంచి అమీర్‌పేటకు మెట్రో టికెట్టును వాట్సాప్‌లో కొనడం కావచ్చు. టికెట్టు కొన్నాక స్టేషనుకు కలిసి వెళ్ళి, క్యూఆర్ కోడ్‌ను గేటు దగ్గర వారి చేతనే చూపించండి. ఒక రోజుకు ఒకే పని చాలు, మర్నాడు మళ్ళీ అదే పని. ఆ పనిలోని దశలన్నీ ఒక నోటుపుస్తకంలో వారి మాటల్లో, వారి చేతిరాతతోనే ఉండాలి. "ఆకుపచ్చ గుండ్రం నొక్కాలి" అని వారు రాసుకుంటే దిద్దకండి. యాప్ అప్‌డేట్ అయి ఆ గుండ్రం చోటు మారినప్పుడు, మారింది యాప్ అని స్పష్టంగా చెప్పి, ఆ పేజీని మళ్ళీ రాయించండి.

పెన్షన్ తీసుకునేవారికి, తాము జీవించి ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ మంచి అభ్యాసం. దాన్ని ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ సేవలో 2021 నుంచి ముఖాన్ని గుర్తించే సదుపాయం కూడా ఉంది కాబట్టి, ఏటా నవంబరులో బ్యాంకు వరుసలో నిలబడే కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఆ పని ఇంట్లోనే ముగించుకోవచ్చు. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, ఆధార్ నంబరు, పెన్షన్ వివరాలు వారినే నింపనివ్వండి.

డబ్బు వ్యవహారాల దగ్గర మాత్రం తొందర వద్దు. యూపీఐ 2016లో మొదలైంది. రైతుబజారులో కూరగాయల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ ఉన్న నగరంలో పెద్దలను దానికి దూరంగా ఉంచడం వారి స్వేచ్ఛను తగ్గించడమే. పెన్షన్ జమయ్యే ఖాతాను కాకుండా, కొద్ది మొత్తం ఉండే వేరే ఖాతాను యూపీఐకి జతచేయండి. పక్కనే కూర్చుని పది రూపాయలు పంపించుకోండి, మళ్ళీ తెప్పించుకోండి. డబ్బు పంపేటప్పుడు పిన్ అడుగుతుంది, తీసుకునేటప్పుడు అడగదు అనే సంగతి అలా చేతితో చేస్తేనే మనసులో నాటుకుంటుంది. వీడియో కాల్‌లో పోలీసులమని బెదిరించి "డిజిటల్ అరెస్ట్" అనేవారి గురించి వివరంగా చెప్పండి: చట్టంలో అటువంటి అరెస్టు లేనే లేదు, ఆ కాల్ వెంటనే కట్ చేయాలి. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరును ఫోన్‌లో సేవ్ చేసి, నోటుపుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయించండి. మోసం జరిగిన వెంటనే ఫోన్ చేస్తే, దొంగలు సొమ్ము తీసుకునేలోపు దానిని ఆపే అవకాశం ఉంటుంది. డబ్బు పోయిందని చెప్పినవారిని మందలిస్తే మరోసారి చెప్పరు, ఆ ఆలస్యమే మోసగాళ్ళకు కావాలి. అందుకని "ఏం జరిగినా వెంటనే మాకు చెప్పండి, మేం కోప్పడం" అని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లలు వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ ద్వారా నేర్పించవచ్చు. అయితే మోసగాళ్ళు కూడా ఇదే మార్గం వాడతారు. కాబట్టి పెద్దలు తామే పిల్లలకు చేసిన కాల్‌లో మాత్రమే తెర చూపించాలని, ఆ సమయంలో బ్యాంకు యాప్ తెరవకూడదని నియమం పెట్టండి. కంప్యూటరు కావాలనేవారికి మౌసు అలవాటయ్యేదాకా పేకాట సాలిటైర్ ఆడించండి.

కొన్నాళ్ళకు వారి దగ్గర ఉన్నదాన్ని ఇంటర్నెట్‌లోకి తేవడం మొదలుపెట్టండి. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఇంటర్నెట్ గ్రంథాలయంలో స్కాన్ చేసిన పాత పుస్తకాల పేజీలను సరిచూసి దిద్దే పని ఉంటుంది. పాత రాతలోని అరసున్నాలూ (ఁ) శకటరేఫలూ (ఱ) గుర్తుపట్టగల రిటైరైన తెలుగు మాస్టారు అందులో మనకంటే ఎంతో ముందుంటారు. ఖాతా తెరవడం, పేజీ భద్రపరచడం మీరు చూపించండి, దిద్దుబాటు ఎలా చేయాలో వారిని అడిగి మీరు నేర్చుకోండి.