ఏటీఆర్ కో పైలట్ ఆఫర్ లెటర్ చేతికొస్తే ఏం చూడాలి

మొన్న మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పంపి, "అక్కా, గంట రేటు చూశావా!" అన్నాడు. రెక్కల మీద పంకాలు తిరిగే చిన్న విమానం ఏటీఆర్ 72లో కుడి సీటు, అంటే కో పైలట్ సీటు, దొరికిన ప్రతివాళ్ల కళ్లూ ముందు అక్కడికే పోతాయి. నేనూ అప్పట్లో అది చూసే సంతకం పెట్టేశాను.

ముందు ఆ గంట ఏ గంటో అడగండి. మా లెక్కలో గంటంటే బ్లాక్ అవర్. చక్రాల దగ్గర చోక్స్ తీసిన దగ్గర్నుంచి మళ్లీ పెట్టేదాకా. నా లాగ్‌బుక్‌లోంచి ఒక రోజు చూడండి. ఉదయం 5:00కి శంషాబాద్‌లో రిపోర్టింగ్. బ్రెత్ ఎనలైజర్ ఊది, బ్రీఫింగ్ ముగించి, టార్చి పట్టుకుని విమానం చుట్టూ తిరిగొచ్చి కదిలేసరికి 6:00. రాజమండ్రి వెళ్లొచ్చాం, తర్వాత తిరుపతి వెళ్లొచ్చాం. ఒక్కో సెక్టారు, అంటే ఒకవైపు ప్రయాణం, 1:10. మధ్యలో మూడుసార్లు అరగంట చొప్పున నేల మీద: లోడ్ షీటు, ఇంధనం, నిలబడే రెండు ఇడ్లీలు. 12:30కి డ్యూటీ అయింది. మొత్తం ఏడున్నర గంటలు, జీతానికి ఎక్కింది 4:40. ఢిల్లీ వెళ్లొచ్చే ఎయిర్‌బస్ కో పైలట్‌కి దాదాపు ఇంతే బ్లాక్ టైం రెండు ల్యాండింగులతో వచ్చేస్తుంది. మాకు నాలుగు.

డిసెంబరులో గన్నవరం పొగమంచు ఉంటుందిగా, దాని మీద గాల్లో చక్కర్లు కొడితే డబ్బులొస్తాయి. అదే పొగమంచుకి శంషాబాద్‌లో విమానం నిలిపే బేలో రెండు గంటలు కూర్చుంటే సున్నా. అందుకే నన్నడిగితే రేటు కన్నా ముందు చూడాల్సింది నెలకు గ్యారంటీ గంటలు, అంటే ఎగిరినా ఎగరకపోయినా డబ్బిచ్చే గంటలు, ఎన్ని అన్నది. ఫ్లైట్లు రద్దయిన నెలలో ఇల్లు నడిపేది అవే. స్టాండ్‌బైకి (పిలిస్తే రావడానికి సిద్ధంగా ఉండటం), డెడ్‌హెడ్‌కి (డ్యూటీ కోసం ప్రయాణికుల్లా కూర్చుని వెళ్లడం) ఎంతిస్తారో కూడా కాగితం మీదే ఉండాలి.

ఇక బాండు, అంటే ఇన్నాళ్లు కంపెనీ వదలనని రాసిచ్చే ఒప్పందం. చేరిన రోజు నుంచే లెక్క మొదలవుతుందనుకున్నాను. మా కంపెనీ లైన్ రిలీజ్ అయిన రోజు నుంచి, అంటే శిక్షణ ముగిసి మామూలు ఫ్లైట్లకు వదిలిన రోజు నుంచి లెక్కేసింది. ఐదు నెలలు గల్లంతు. ఆ ముక్క లెటర్‌లో పన్నెండో పేజీలో ఉంది, నేను చదవలేదు. నోటీసు పీరియడ్ వేరే సంగతి: 2017 నుంచి డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం కో పైలట్‌కి 6 నెలలు, కెప్టెన్‌కి ఏడాది.

విశ్రాంతి విషయంలో, కొత్త ఎఫ్‌డీటీఎల్ (పైలట్ల డ్యూటీ గంటల పరిమితి నిబంధనలు) వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. ఆ కంపెనీలో ఎగురుతున్నవాళ్లను ఒక నెల రోస్టర్ అడిగి తీసుకుని ఆ 48 గంటలు వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

తమ్ముడి చేత ఇవన్నీ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టించాను. గ్యారంటీ గంటల సంగతి అదే సాయంత్రం చెప్పారు. బాండు తేదీ గురించి మూడు రోజులైనా పలకలేదు. అది వచ్చేదాకా పెన్ను ముట్టుకోవద్దన్నాను.