అడ్రినల్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మళ్లీ వచ్చే ముప్పును అంచనా వేయడం ఎలా?

కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో పుట్టే అడ్రినోకార్టికల్ కార్సినోమా ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. అంత అరుదు కాబట్టి కర్నూలు, కడప, అనంతపురాల్లో మీరు చూపించుకునే డాక్టరుకు ఇది మొదటి కేసే కావచ్చు. అందుకే లెక్కకు కావలసిన కాగితాలన్నీ ఇంటివాళ్ల చేతిలో ఉండాలి.

1. ముందు ఫైలు పూర్తి చేయండి

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే సరిపోదు. ఆపరేషన్ నోట్సు, గడ్డ బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్‌కు ముందు తీసిన సీటీ స్కాన్, హార్మోన్ పరీక్షలు కూడా అడిగి తీసుకోండి. మనవాళ్లు చాలామంది ఆపరేషన్‌కు బెంగళూరో, వేలూరో, హైదరాబాదో పోతారు. తిరుగు బస్సెక్కే తొందరలో ఇవి అక్కడే ఉండిపోతాయి.

బయాప్సీ రిపోర్టులో కీ-67 అనే అంకె ఉందా చూడండి. కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయో అది శాతంలో చెబుతుంది. నా దృష్టిలో మొత్తం ఫైలులో అన్నిటికన్నా విలువైన అంకె ఇదే. లేకపోతే కంగారు పడొద్దు. గడ్డ ముక్కలు మైనపు బ్లాకుల్లో ల్యాబులో భద్రంగా ఉంటాయి. నెలల తర్వాతైనా వాటిని అడిగి తెచ్చి, ఈ జబ్బు చూసిన పెథాలజిస్టు చేత కీ-67 చేయించవచ్చు.

2. మార్కులు వేయండి

డాక్టర్లు వాడే ఎస్-గ్రాస్ స్కోరులో ఐదు అంశాలుంటాయి.

స్టేజి: గడ్డ ఎంత పెద్దదైనా గ్రంథికే పరిమితమైతే 0. చుట్టుపక్కల కండకో, లింఫు గ్రంథులకో, పెద్ద సిరలోకో పాకితే 1. ఊపిరితిత్తులు, కాలేయం లాంటి దూరపు చోట్లకు పోయి ఉంటే 2.

కీ-67: 10 శాతం లోపు 0, 10 నుంచి 19 వరకు 1, 20 ఆపైన 2.

అంచులు: గడ్డ పూర్తిగా వచ్చేస్తే (ఆర్0) 0, తేల్చలేకపోతే 1, మైక్రోస్కోపులో మిగులు కనిపిస్తే 2, కంటికే కనిపించేంత మిగిలితే 3.

వయసు 50, ఆపైన అయితే 1. జబ్బు బయటపడేనాటికి లక్షణాలుంటే ఇంకో 1.

ఆదోనిలో 54 ఏళ్ల మనిషి ఉన్నాడనుకుందాం. గడ్డ 9 సెంటీమీటర్లు, బయటికి పాకలేదు, పూర్తిగా తీసేశారు. కీ-67 15 శాతం. ముందే ముఖం ఉబ్బి, బీపీ పెరిగింది. 0+1+0+1+1, మొత్తం 3.

3. మొత్తాన్ని డాక్టరుతో కలిసి చదవండి

0–1, 2–3, 4–5, 6–9 అని నాలుగు వర్గాలు. అంకె పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. ఇది గుంపుకు చెప్పే అంచనా. తక్కువ మార్కులు వచ్చినా జబ్బు తిరగబెట్టినవాళ్లున్నారు, ఎక్కువ వచ్చినా ఏళ్లతరబడి బాగున్నవాళ్లున్నారు. నుదుటి రాతలా చదవకండి.

4. మైటోటేన్ సంగతి అడగండి

తిరగబెట్టకుండా ఇచ్చే మాత్ర ఇది. గడ్డ పూర్తిగా వచ్చేసి, కీ-67 10 శాతం దాటనివాళ్లలో దీనివల్ల స్పష్టమైన లాభం కనిపించలేదని 2023లో వెలువడిన అడియువో అధ్యయనం చెప్పింది. ముప్పు ఎక్కువున్నవాళ్లకు మాత్రం సాధారణంగా ఇస్తారు. రక్తంలో దాని మోతాదు లీటరుకు 14–20 మిల్లీగ్రాములు ఉండేలా పరీక్షలతో చూసుకుంటారు.

మైటోటేన్ వాడేవాళ్లకు హైడ్రోకార్టిసోన్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్ లోటు తీర్చే మాత్ర) కూడా తప్పనిసరి. వాంతులై ఈ హైడ్రోకార్టిసోన్ మాత్ర నిలవకపోతే, ముఖ్యంగా మన ఎండల్లో, తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి పోయి అదే మందు ఇంజెక్షన్‌గా వేయించుకోవాలి.

5. స్కాన్ల తేదీలు ఇప్పుడే రాసుకోండి

మార్కులు ఎన్నొచ్చినా మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, ఆ తర్వాత మూడేళ్లు 3–6 నెలలకోసారి ఛాతీ, కడుపు స్కాన్ చేయించాలని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి. గడ్డ ఇంతకుముందు హార్మోన్లు విడుదల చేసి ఉంటే ఆ పరీక్షలు కూడా చేయించండి. ముఖం మళ్లీ ఉబ్బినా, బీపీ, షుగరు అకారణంగా పెరిగినా, ఆడవాళ్లకు గడ్డం మీద వెంట్రుకలు వచ్చినా తదుపరి తేదీ కోసం చూడకండి. ప్రతిసారీ పాత స్కాన్ సీడీ వెంట తీసుకెళ్లండి, పక్కపక్కన పెట్టి చూస్తేనే చిన్న మచ్చ కొత్తదో పాతదో తేలుతుంది.